లీజు ముగిసిన కారును కొనడం: అప్పు ఎక్కడ తీసుకోవాలి, ఎన్నాళ్లకు తీసుకోవాలి

అమెరికాలో లీజు గడువు ముగియడానికి మూడు నాలుగు నెలల ముందు నుంచే లీజు కంపెనీ ఉత్తరాలు రావడం మొదలవుతుంది. కారును అప్పగించవచ్చు, అప్పగించి మరొకటి లీజుకు తీసుకోవచ్చు, లేదా ఇన్నాళ్లూ నడిపిన కారునే కొనుక్కోవచ్చు అని వాటిలో ఉంటుంది. మూడో దారిలో వెళ్లాలనుకునేవారి కోసం, వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక విషయం మొదటే చెప్పాలి. ఈ కారు ధర మీరు లీజు మీద సంతకం పెట్టిన రోజునే నిర్ణయమైపోయింది. మామూలుగా కారు కొనేటప్పుడు ధర దగ్గర బేరమాడతాం, పాత కారుకు ఎంత ఇస్తారన్న దగ్గర బేరమాడతాం, వడ్డీ దగ్గర బేరమాడతాం. లీజు చివర కొనేటప్పుడు ఆ మూడింటిలో మన చేతిలో మిగిలేది దాదాపుగా వడ్డీ ఒక్కటే కనుక మన శ్రద్ధ అంతా అక్కడే ఉండాలి. కాని నాకు తెలిసినవారిలో ఎక్కువమంది కారు ధర గిట్టుబాటా కాదా అని వారాల తరబడి ఆరా తీసి, అప్పు మాత్రం డీలరు బల్ల ముందు కూర్చున్న అరగంటలో తీసుకుని వచ్చారు. ఆ అరగంట ఖరీదు చాలాసార్లు వెయ్యి డాలర్లకు పైనే ఉంటుంది. అదెలాగో కింద లెక్క వేసి చూపిస్తాను.

ముందుగా ఒప్పందం తీసి చూడాలి

లీజు ముగిసేనాటికి కారు విలువ ఇంత ఉంటుందని కంపెనీ మొదట్లోనే వేసిన అంచనాను రెసిడ్యువల్ అంటారు. గడువు తీరాక కారును కొనే హక్కు మీకు ఉందా, ఉంటే ఎంత ధరకు అన్న సంగతి ఒప్పందంలో తెలియజేయాలని 1976 నాటి కన్స్యూమర్ లీజింగ్ చట్టం, దాన్ని అమలు చేసే రెగ్యులేషన్ ఎం నిర్దేశిస్తున్నాయి. అందుచేత ఫోనులో ఎవరో చెప్పిన అంకె మీద ఆధారపడవలసిన పని లేదు. ధరతో పాటు అసలు హక్కు ఉందో లేదో కూడా చూసుకోవాలి. 2019లో టెస్లా మోడల్ 3 కారును లీజుకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, గడువు చివర దాన్ని కొనుక్కునే అవకాశం లేదని ముందే చెప్పింది. అలాంటి ఒప్పందం ఉన్నవారు అప్పుల గురించి ఆలోచించే ముందు లీజు కంపెనీ ప్రస్తుత విధానమేమిటో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

రెసిడ్యువల్ ఒక్కటే మీరు చెల్లించే మొత్తం కాదు. చాలా ఒప్పందాలలో కొనుగోలు రుసుము అని 300 నుంచి 500 డాలర్ల వరకు ఉంటుంది. చాలా రాష్ట్రాలలో కొనుగోలు ధర మీద అమ్మకపు పన్ను పడుతుంది. ఇన్నాళ్లూ నెల వాయిదాల మీద పన్ను కట్టాం కదా అన్న వాదన అక్కడ చెల్లదు, ఎందుకంటే అప్పుడు కట్టింది వాడుకున్న భాగానికి, ఇప్పుడు కట్టేది మిగిలిన విలువకు. ఆపైన టైటిల్ (కారు యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఖర్చులు. ఉదాహరణకు రెసిడ్యువల్ 18,000 డాలర్లు, కొనుగోలు రుసుము 350, ధర మీద 7 శాతం పన్ను 1,260, టైటిల్, రిజిస్ట్రేషన్ వగైరా 390 అనుకుంటే మొత్తం సరిగ్గా 20,000 అవుతుంది. ఒప్పందంలో 18,000 చూసి మనసులో ఒక నెల వాయిదా ఊహించుకున్నవారికి, ఈ రెండు వేల తేడా సంతకాల రోజున గాని కనిపించదు. ఈ పై ఖర్చులను అప్పులో కలపకుండా చేతి నుంచి కట్టగలిగితే మంచిది. పన్ను మీద అయిదేళ్లు వడ్డీ కట్టడంలో అర్థం లేదు.

గడువుకు ముందే కొనాలనుకునేవారు పే-ఆఫ్ మొత్తాన్ని, అంటే లీజు తీర్చేసి కారు సొంతం చేసుకోవడానికి కట్టవలసిన మొత్తాన్ని, జాగ్రత్తగా చదవాలి. లీజు మధ్యలో కంపెనీ ఇచ్చే ఆ అంకెలో రెసిడ్యువల్‌తో పాటు ఇంకా కట్టవలసిన వాయిదాలు కూడా కలిసి ఉంటాయి, కొన్ని ఒప్పందాలలో వాటిలోని వడ్డీ భాగం కొంత తగ్గిస్తారు. వడ్డీ రేట్లు పెరుగుతాయేమోనన్న భయంతోనో, కారు ధరలు బాగున్నాయన్న ఉత్సాహంతోనో ఆరు నెలల ముందే కొనేవారికి దీనివల్ల కలిసివచ్చేది సాధారణంగా ఏమీ ఉండదు. ఒప్పందంలోని మైళ్ల పరిమితి విపరీతంగా దాటిపోతున్నా సరే, చివరకు కొనేది మీరే అయితే ఆ అదనపు మైళ్లకు ఎలాగూ చెల్లించనక్కర్లేదు, కాబట్టి తొందరపడవలసిన కారణం అది కూడా కాదు.

అప్పుకు ముందు అడగవలసిన ప్రశ్న

అసలు ఈ ధరకు ఈ కారు కొనదగినదేనా? దీనికి జవాబు కార్ల ధరల అంచనాలు ఇచ్చే కెల్లీ బ్లూ బుక్, ఎడ్మండ్స్ వంటి చోట్ల దొరుకుతుంది గాని, అక్కడ కనిపించే ధరలలో ఏది చూడాలో తెలిసి ఉండాలి. కారును మీ దగ్గరే ఉంచుకుంటారనుకుంటే, అలాంటి కారునే డీలరు దగ్గర కొనాలంటే ఎంతవుతుందో ఆ ధరతో పోల్చాలి. కొని వెంటనే అమ్మేయాలనుకుంటే, కార్‌మాక్స్, కార్వానా వంటి సంస్థలు మీ కారుకు ఎంత ఇస్తామంటున్నాయో దానితో పోల్చాలి. ఈ రెండు ధరల మధ్య వేల డాలర్ల తేడా ఉంటుంది. తప్పు ధరతో పోల్చి మంచి కారును వదులుకున్నవారూ ఉన్నారు, గిట్టని కారును కొన్నవారూ ఉన్నారు.

అప్పగిస్తే అయ్యే ఖర్చును కూడా ఈ పోలికలో చేర్చాలి. కారును తిరిగి ఇచ్చేటప్పుడు డిస్పొజిషన్ రుసుము అని సుమారు 300 నుంచి 500 డాలర్లు తీసుకుంటారు. పరిమితి దాటిన ప్రతి మైలుకూ ఒప్పందాన్ని బట్టి 15 నుంచి 30 సెంట్ల వరకు కట్టించుకుంటారు. బంపరు మీద గీతలు, అరిగిన టైర్లు వేరే లెక్క. 4,000 మైళ్లు దాటిన కారును మైలుకు 25 సెంట్ల చొప్పున అప్పగిస్తే వెయ్యి డాలర్లు, డిస్పొజిషన్ మరో 395 అనుకుంటే, వట్టి చేతులతో ఇంటికి రావడానికి 1,395 డాలర్లు ఖర్చవుతుందన్నమాట. బజారులో అలాంటి కారు 17,500కే దొరుకుతున్నా, ఈ పరిస్థితిలో ఉన్నవారికి 18,000 పెట్టి తమ కారునే కొనడం మేలు. పైగా దాని ప్రతి ప్రమాదం, ప్రతి ఆయిల్ మార్పు వారికి తెలుసు. పాత కారు కొనేటప్పుడు ఎంత డబ్బు పెట్టినా దొరకని సమాచారం అది.

2021లో పాత కార్ల ధరలు ఆకాశాన్నంటినప్పుడు చాలామంది లీజుదారులకు రెసిడ్యువల్ బజారు ధర కంటే వేల డాలర్లు తక్కువగా ఉండి, కళ్లు మూసుకుని కొన్నా లాభమే అయింది. అప్పుడే అనేక లీజు కంపెనీలు తమ కార్లను బయటి డీలర్లకు అమ్మడానికి వీల్లేదని ఆంక్షలు పెట్టాయి. ఆ రోజులు విన్నవారు ఇప్పటికీ అదే నిజమనుకుంటారు. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో పరిస్థితి తరచూ తలకిందులుగా ఉంటోంది: కొత్త కార్ల ధరలు తగ్గడంతో పాతవాటి ధరలు ఒప్పందంలోని రెసిడ్యువల్ కంటే బాగా కిందికి పడిపోయాయి. అలాంటి కారును ఒప్పందం ధరకు కొనడం కంటే అప్పగించి, అదే మోడలును బయట కొనుక్కోవడం చవక. కొన్ని కంపెనీలు అడిగితే రెసిడ్యువల్ తగ్గిస్తాయి కాబట్టి ఒకసారి అడగడం తప్పు కాదు, కాని దాని మీద ఆశ పెట్టుకుని గడువు దాకా కూర్చోకూడదు.

ఈ తేడా అప్పు మీద కూడా ప్రభావం చూపుతుంది. అప్పిచ్చే సంస్థ చూసేది మీ ఒప్పందంలోని ధరను కాదు, కారు బజారు విలువను. ఆ విలువలో ఇంత శాతానికి మించి ఇవ్వమని ప్రతి సంస్థకూ ఒక హద్దు ఉంటుంది. కారు విలువ 14,000 ఉండి మీకు 20,000 కావలసివస్తే, ఎంత మంచి క్రెడిట్ ఉన్నా మిగతాది చేతి నుంచి వేసుకోమంటారు. అలా అన్నప్పుడు కోపగించుకోవడం కంటే, ఆ కారు ఆ ధర చేయదని ఒక నిపుణుడు ఉచితంగా చెప్పినట్టు భావించడం మంచిది.

అప్పు దొరికే చోట్లు

ఈ అప్పును లీజు బైఔట్ లోన్ అంటారు. ఇది కారునే తాకట్టుగా పెట్టుకుని ఇచ్చే మామూలు కారు అప్పు లాంటిదే. కాకపోతే చాలా సంస్థలు దీన్ని పాత కారు అప్పుగానే లెక్కగడతాయి. టీవీలో కొత్త కార్లకు ప్రకటించే తక్కువ వడ్డీలు దీనికి వర్తించవు.

నా దృష్టిలో మొదట అడగవలసిన చోటు క్రెడిట్ యూనియన్. ఇవి సభ్యుల యాజమాన్యంలో నడిచే లాభాపేక్ష లేని సంస్థలు కావడంతో కారు అప్పులలో వీటి వడ్డీ బ్యాంకుల కంటే తరచూ తక్కువగా ఉంటుంది. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు అప్పుల మీద 18 శాతానికి మించి వడ్డీ వేయడానికి వీల్లేదు. గడువుకు ముందే అప్పు తీర్చేస్తే జరిమానా వేయడానికి కూడా చట్టం ఒప్పుకోదు. ఈ రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, బోనస్ వచ్చినప్పుడు అసలులో కొంత తీర్చేద్దామనుకునే మనవాళ్లకు చాలా అవసరమైనది. సభ్యత్వానికి కొన్ని చోట్ల ఉద్యోగమో నివాస ప్రాంతమో అర్హత అవుతుంది, చాలా చోట్ల చిన్న మొత్తంతో పొదుపు ఖాతా తెరిస్తే సరిపోతుంది. సభ్యత్వానికి, అప్పు మంజూరుకు, చెక్కు రావడానికి కలిపి రెండు మూడు వారాలు పట్టవచ్చు. గడువుకు నాలుగు రోజుల ముందు వెళ్లేవారికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

లీజు ఇచ్చిన కంపెనీయే అప్పు కూడా ఇస్తానంటుంది. కార్ల తయారీదార్లకు అనుబంధంగా ఉండే ఫైనాన్స్ సంస్థలకు మీ మూడేళ్ల చెల్లింపుల చరిత్ర తెలుసు, టైటిల్ వారి దగ్గరే ఉంటుంది, కాగితాల పని తక్కువ. సౌకర్యం నిజమే, కాని వడ్డీ అన్నిసార్లూ పోటీగా ఉండదు. లీజులో మీరు కట్టిన వడ్డీ ఎంతో తెలుసుకుని పోల్చుకోవాలంటే ఒక సులువు ఉంది: మనీ ఫ్యాక్టర్ అనే చిన్న దశాంశ సంఖ్యను 2,400తో గుణిస్తే సుమారు వార్షిక వడ్డీ వస్తుంది. 0.0025 అంటే 6 శాతం. మనీ ఫ్యాక్టర్ చాలా ఒప్పందాలలో కనిపించదు, అడిగి తెలుసుకోవాలి. మంచి చెల్లింపుదారుగా పేరున్న మీకు లీజు కంటే రెండు మూడు శాతం ఎక్కువ వడ్డీ చెబితే, ఎందుకని అడిగే హక్కు మీకుంది.

బ్యాంకుల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. మీ జీతం పడే బ్యాంకు లీజు బైఔట్ లోన్లు ఇస్తుందో లేదో ముందు కనుక్కోండి, అన్నీ ఇవ్వవు. ఇచ్చేవాటిలో ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకుంటే పావు శాతమో అర శాతమో తగ్గించేవి ఉన్నాయి. ఆన్‌లైన్ సంస్థలలో కొన్ని స్వయంగా అప్పిస్తాయి, కొన్ని మీ వివరాలు పదిమందికి పంపే మధ్యవర్తులు మాత్రమే. రెండో రకానికి ఫోను నంబరు ఇచ్చే ముందు ఆలోచించండి, వారాల తరబడి ఫోను మోగుతూనే ఉంటుంది.

డీలరు ద్వారా తీసుకునే అప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి. డీలరు స్వయంగా అప్పివ్వడు. బ్యాంకుల దగ్గర మీ దరఖాస్తు పెట్టి, ఒక రేటు తెచ్చి, దాని మీద తన వాటా వేసుకుని మీకు చెబుతాడు. బ్యాంకు 6.5 శాతానికి ఒప్పుకున్న అప్పు మీకు 8.5 శాతంగా చేరవచ్చు, ఆ తేడాలో డీలరుకు భాగం ఉంటుంది. ఇది చట్టవిరుద్ధం కాదు, మీకు చెప్పవలసిన బాధ్యత కూడా సాధారణంగా వారికి లేదు. ఇప్పుడు 20,000 డాలర్ల లెక్క చూడండి. 6.5 శాతానికి 48 నెలలైతే నెలకు సుమారు 474 డాలర్లు, మొత్తం వడ్డీ సుమారు 2,766. అదే అప్పు 8.5 శాతానికైతే నెలకు 493, మొత్తం వడ్డీ సుమారు 3,662. నెలకు 19 డాలర్లే కదా అని వదిలేస్తే నాలుగేళ్లలో దాదాపు 900 డాలర్లు పోతాయి. బల్ల అవతలి మనిషి ఎప్పుడూ నెల వాయిదానే మాట్లాడడానికి కారణం ఇదే.

మిగిలిన మూడు దారుల గురించి తక్కువ మాటల్లో. తాకట్టు లేని పర్సనల్ లోన్ మీద వడ్డీ సాధారణంగా కారు అప్పు కంటే ఎక్కువ, పైగా కొన్ని సంస్థలు మంజూరు రుసుము ముందే కోసుకుంటాయి. కారు విలువకు మించి కావలసినవారికి, అదీ చిన్న మొత్తానికి తప్ప నేను దాన్ని సూచించను. ఇంటి మీద తీసుకునే హోమ్ ఈక్విటీ అప్పులో వడ్డీ తక్కువగా కనిపించవచ్చు గాని, తరుగుతూ పోయే కారు కోసం ఇంటిని తాకట్టు పెట్టడం నాకు ఏ కోశానా సమంజసంగా తోచదు. 2018 నుంచి, ఇల్లు కొనడానికో కట్టడానికో గణనీయంగా బాగుచేయడానికో వాడని అలాంటి అప్పు వడ్డీకి ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా లేదు. ఇక నగదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక కూడా చేతిలో ఆ డబ్బు ఉంటే నగదుతో కొనడమే సుఖం. లేకపోతే సగం నగదు, సగం అప్పు అన్నది చాలామందికి సరిపోయే మధ్యే మార్గం.

ఎన్నాళ్లకు తీసుకోవాలి

వడ్డీ రేటు కంటే వ్యవధి ఎక్కువ నష్టం చేస్తుందని చెప్తే చాలామంది నమ్మరు. అదే 20,000 అప్పు, అదే 6.5 శాతం వడ్డీ: 36 నెలలకు తీసుకుంటే వాయిదా 613, మొత్తం వడ్డీ సుమారు 2,067. 60 నెలలకైతే 391, వడ్డీ 3,479. 72 నెలలకైతే వాయిదా 336కు దిగుతుంది, వడ్డీ 4,206కు ఎక్కుతుంది. డీలరు రేటు 8.5కు 72 నెలలు తీసుకున్నవారు వాయిదా 356 కడుతూ హాయిగానే ఉంటారు, కాని చివరికి కట్టే వడ్డీ దాదాపు 5,600 డాలర్లు. 6.5 శాతానికి 48 నెలలు తీసుకున్నవారి కంటే రెండింతలు.

ఇది కొత్త కారు కాదన్న సంగతి మరవకూడదు. మూడేళ్లు నడిచిన కారుకు 72 నెలల అప్పు తీసుకుంటే, ఆఖరి వాయిదా కట్టేనాటికి దాని వయసు తొమ్మిదేళ్లు. మధ్యలో టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఇంకేదో పెద్ద మరమ్మతు వస్తాయి. అప్పటికి తయారీదారు వారంటీ ఉండదు. కారు విలువ అప్పు బాకీ కంటే వేగంగా పడిపోతే, అమ్మినా అప్పు తీరని స్థితి వస్తుంది. అందుకే నా సలహా 48 నెలలు, కుదిరితే 36. 60 నెలలు తప్పనిసరి అయినవారు తీసుకోవచ్చు, అప్పుడప్పుడు అసలుకు కొంత అదనంగా కడుతూ ఉండాలి. 72 నెలలకు గాని వాయిదా భరించలేమనిపిస్తే అప్పగించి తక్కువ ధర కారు చూసుకోవడం మేలు. ఆ కారు మీద ఎంత మమకారం ఉన్నా సరే ఈ మాట అంటున్నాను.

వర్క్ వీసా మీద ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. కొన్ని సంస్థలు వీసా గడువును మించిన వ్యవధికి అప్పు ఇవ్వవు. పొడిగింపు కాగితం చేతికి వచ్చాక దరఖాస్తు చేస్తే నాలుగేళ్లకు దొరికే అప్పు, అంతకు నెల ముందు చేస్తే ఏడాదిన్నరకే దొరకవచ్చు. ఈ షరతు అన్ని చోట్లా ఒకేలా ఉండదు కనుక దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

రేట్లు పోల్చే పద్ధతి

నాలుగు చోట్ల అడిగితే క్రెడిట్ స్కోరు పడిపోతుందన్న భయం మనవాళ్లలో బలంగా ఉంది. కారు అప్పు కోసం తక్కువ రోజుల వ్యవధిలో చేసిన విచారణలన్నిటినీ, ఎక్కువ సంస్థలు వాడే క్రెడిట్ స్కోరు అయిన ఫైకో ఒకటిగానే లెక్కిస్తుంది. ఆ వ్యవధి పాత ఫైకో పద్ధతులలో 14 రోజులు, కొత్తవాటిలో 45 రోజులు. అందుచేత దరఖాస్తులన్నీ రెండు వారాలలోపు పూర్తి చేస్తే ఏ పద్ధతిలోనైనా ఇబ్బంది లేదు. దానికి ముందే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల నుంచి మీ నివేదికలు ఉచితంగా తెప్పించుకుని, తీర్చేసిన కార్డు ఏదైనా బాకీగా కనిపిస్తోందేమో చూసుకోవాలి. తప్పును సరిదిద్దించడానికి నెల పట్టవచ్చు కాబట్టి ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

పోల్చవలసింది ఏపీఆర్, అంటే అప్పుకు ఏడాదికయ్యే మొత్తం ఖర్చును శాతంగా చెప్పే రేటు. అప్పిచ్చేవారు దాన్ని తప్పక తెలియజేయాలని 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం చెబుతుంది. వడ్డీతో పాటు అప్పు కోసం తీసుకునే రుసుములు కూడా అందులో కలుస్తాయి కనుక, 6.5 శాతం వడ్డీకి మంజూరు రుసుము కలిపిన సంస్థ, రుసుము లేని 6.75 శాతం సంస్థ కంటే ఖరీదైనదని ఏపీఆర్ చూస్తేనే తెలుస్తుంది. ఒకే మొత్తానికి, ఒకే వ్యవధికి అడగాలి. ఒకరిని 48 నెలలకు, మరొకరిని 60 నెలలకు అడిగి వాయిదాలు పోల్చడం వృథా.

మంజూరు ఉత్తరం చేతిలో ఉంటే డీలరు గదిలో ఎంత తేడా వస్తుందో నా లీజు ముగిసినప్పుడు చూశాను. మా లీజు కంపెనీ నేరుగా అమ్మదు, డీలరు ద్వారానే కొనాలంది. డీలరు దగ్గర నా ముందు పెట్టిన కాగితంలో రెసిడ్యువల్ కింద మరో రెండు వరుసలు ఉన్నాయి: తనిఖీ 495, సర్టిఫికేషన్ 995. నా ఒప్పందంలో ఈ రెండు మాటలూ ఎక్కడా లేవు. ఒప్పందం ప్రతిని తెరిచి కొనుగోలు రుసుము ఉన్న పేరా మీద వేలు పెట్టి, ఇది కాక మీరు కలిపిన ప్రతి వరుసా ఏ పేరాలో ఉందో చూపించమని అడిగాను. ఆయన లోపలికి వెళ్లి పది నిమిషాల తరువాత ఆ రెండు వరుసలు లేని కాగితం తెచ్చారు. తరువాత 8.9 శాతానికి అప్పు అన్నారు. సంచిలోంచి క్రెడిట్ యూనియన్ ఇచ్చిన 6.9 శాతం ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. మరో అయిదు నిమిషాలకు 6.7 శాతం రేటు వచ్చింది, అదే తీసుకున్నాను. గొంతు పెంచవలసిన అవసరం రాలేదు, రెండు కాగితాలు చాలాయి.

డీలరు వేసే డాక్యుమెంట్ రుసుము మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో దానికి చట్టం వేసిన పరిమితి 100 డాలర్లలోపే, ఫ్లోరిడాలో పరిమితి లేదు. లీజు కంపెనీ నేరుగా అమ్మేదైతే డీలరును మధ్యలోకి తీసుకురావలసిన అవసరం లేదు. ముందు ఆ సంగతి కంపెనీనే అడగండి, డీలరును కాదు.

అప్పుతో పాటు మారేవి

లీజు ఒప్పందాలలో చాలావాటిలో గ్యాప్ రక్షణ కలిసే ఉంటుంది: కారు ప్రమాదంలో పూర్తిగా పాడైతే బీమా ఇచ్చే విలువకు, బాకీకి మధ్య తేడాను అది భరిస్తుంది. కొన్న రోజుతో ఆ రక్షణ పోతుంది. చేతి నుంచి ఏమీ వేయకుండా మొత్తం అప్పుతో కొన్నవారు గ్యాప్ మళ్లీ తీసుకోవడం మంచిది, కాని డీలరు గదిలో చెప్పిన ధరకు కాకుండా క్రెడిట్ యూనియన్‌లోనో సొంత బీమా కంపెనీలోనో అడిగి తీసుకోవాలి. సగానికి సగం నగదు పెట్టినవారికి దాని అవసరం ఉండకపోవచ్చు.

ఎక్స్‌టెండెడ్ వారంటీని కూడా అదే గదిలో, అప్పులో కలిపి అంటగడతారు. కారులోని దాదాపు అన్ని భాగాలకూ వర్తించే బంపర్ టు బంపర్ వారంటీ చాలా కంపెనీలలో 3 సంవత్సరాలు లేదా 36,000 మైళ్లతో ముగుస్తుంది. టయోటా, హోండా వంటివాటిలో ఇంజను, గేరుబాక్సులకు 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ల వరకు వారంటీ మిగిలే ఉంటుంది. ఉన్నదానికి మళ్లీ డబ్బు పెట్టకండి. పాత వారంటీ ముగియకముందే కారును ఒక స్వతంత్ర మెకానిక్‌కు చూపించి, దొరికిన లోపాలను వారంటీలోనే బాగుచేయించుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. పెద్ద లోపం బయటపడితే, కొనాలన్న నిర్ణయాన్నే మార్చుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.

బీమా విషయంలో కాస్త ఊరట. లీజు కంపెనీలు ఎక్కువ పరిమితులున్న లయబిలిటీ బీమా (ఎదుటివారికి జరిగిన నష్టానికి) అడుగుతాయి, అప్పిచ్చేవారికి ముఖ్యం మీ కారుకే జరిగే నష్టాన్ని భరించే కొలిజన్ (గుద్దుకోవడం వల్ల), కాంప్రహెన్సివ్ (దొంగతనం వంటి ఇతర కారణాల వల్ల). ఏది మారినా, లయబిలిటీని చట్టం అడిగే కనిష్ఠానికి దించమని మాత్రం నేను చెప్పను. పాలసీ మీద లీజు కంపెనీ పేరు తీయించి, కొత్తగా అప్పిచ్చిన సంస్థ పేరు చేర్పించడం మరవకండి. ఆ పని జరగకపోతే, బీమా లేదని భావించి ఆ సంస్థే ఒక ఖరీదైన బీమా తీసి దాన్ని మీ ఖాతాకు రాస్తుంది.

తేదీలు, కాగితాలు

పని మొదలుపెట్టవలసింది గడువుకు తొంభై రోజుల ముందు. మొదటి నెలలో క్రెడిట్ నివేదికలు, కారు తనిఖీ, బజారు ధరల పోలిక; రెండో నెలలో పే-ఆఫ్ ఉత్తరం తెప్పించుకుని దరఖాస్తులు; మూడో నెలలో సంతకాలు, చెక్కు. పే-ఆఫ్ ఉత్తరం మీద చెల్లుబాటు తేదీ ఉంటుంది, చాలావాటికి పది రోజులే. చెక్కు ఆ తేదీ దాటి చేరితే మొత్తం మారి, కొన్ని డాలర్ల కోసం ఫైలు ఆగిపోతుంది. అప్పు రావడం ఆలస్యమయ్యేలా ఉంటే లీజును ఒక నెల పొడిగించమని అడగవచ్చు, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఆ నెల వాయిదా రెసిడ్యువల్‌లో తగ్గదు కనుక అది కేవలం ఆలస్యానికి కట్టే రుసుము.

చెక్కు చేరాక లీజు ఆటోమేటిక్ చెల్లింపును మీరే ఆపాలి. దానంతట అది ఆగుతుందనుకుని రెండు నెలలు అదనంగా కట్టి, ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి తిరిగినవారు నాకు తెలుసు. ఆ తరువాత లీజు కంపెనీ టైటిల్‌ను, ఓడోమీటరు ప్రకటన పత్రాన్ని పంపుతుంది, వాటితో డీఎంవీలో (రాష్ట్ర వాహనాల శాఖలో) కారు మీ పేరు మీదికి మారుతుంది. చాలా రాష్ట్రాలలో అప్పు తీరేదాకా టైటిల్ అప్పిచ్చిన సంస్థ దగ్గరే ఉంటుంది, రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం మీకు వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందో వెనకో రావడం వల్ల లీజు ఒప్పందంలో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో మరోలా ఉండి దరఖాస్తు వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. సంతకాలకు ముందే పేరును లైసెన్సు ప్రకారం రాయించుకుని, టైటిల్ మీది 17 అక్షరాల విన్ నంబరును (కారు గుర్తింపు సంఖ్యను) కారు ముందు అద్దం కింద కనిపించేదానితో ఒక్కో అక్షరం చొప్పున సరిచూసుకోండి.